చివరి పేజీ బాబాయి

"వరస చెప్పండి మేడమ్" అన్నాడు పేపరు ఏజెంటు, కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండా.

బందరులో శ్రద్ధాంజలి ప్రకటనలు తీసుకునే చిన్న ఆఫీసు అది. ఫోటో ఇచ్చాను. పేరు, పోయిన రోజు, పెద్దకర్మ ఎక్కడో చెప్పాను. అన్నీ టకటకా కొట్టేశాడు. ఇక మిగిలింది ఫోటో కింద చోటు. కుమారులు, కుమార్తెలు, అల్లుళ్లు, మనుమలు అంటూ పేర్లు వచ్చే చోటు.

"ఆయనకి పెళ్లి కాలేదండీ" అన్నాను.

"మరి మీరేమవుతారు?"

వెనక ఇంకెవరో ఫోటో పట్టుకుని నిలబడి ఉన్నారు. ఏజెంటు విసుగ్గా మౌసు ఆడిస్తున్నాడు. ఆ చోటులో ఒక్క మాట అటూఇటూగా పడితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. అలాంటి ఒక్క మాట వల్ల నా కూతురి పెళ్లి ఆగిపోబోయింది. ఆ భయాన్ని మా ఇంటికి మోసుకొచ్చిన మనిషి ఆ ఫోటోలో ఉన్నాయనే.

ఆయన్ని బాబాయి అనేవాళ్లం. మాకు చుట్టం కాదు, మా ఇంటిపేరూ కాదు, మా గోత్రమూ కాదు. కోర్టులో గుమాస్తాగా చేస్తూ, నాన్న ఉన్న రోజుల్లో మా వీధి గదిలోకి అద్దెకొచ్చారు. నాన్నతో చదరంగం ఆడేవారు, అమ్మ కాఫీకి వంకలు పెట్టేవారు, నాకు లెక్కలు చెప్పేవారు. నాన్న పోయారు, అమ్మ పోయింది. బాబాయి మాత్రం ఆ గదిలోనే ఉండిపోయారు. ఎవరైనా వచ్చి "ఆయన మీకేమవుతారు?" అని అడిగితే "బాబాయి" అనేదాన్ని. అంతకుమించి ఎవరూ అడగలేదు.

లోకమంతా పేపరు మొదటి పేజీ నుంచి చదువుతుంది. బాబాయి చివరి పేజీ నుంచి. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, పేపరు ముక్కుకి ఆనించి, పోయినవాళ్లందర్నీ పలకరించాకే టీ తాగేవారు.

"ఇవాళెవరు బాబాయ్?" అని అడిగేదాన్ని, పళ్లు తోముకుంటూ.

"అవనిగడ్డ వాళ్లమ్మాయ్. పెద్దల్లుడిది గుడివాడ. ఆ గుడివాడ వాళ్ల మేనత్తని మన వీధి చివర డాక్టరు గారి తమ్ముడికి ఇచ్చారు. చూశావా, ఎంత దగ్గరో!"

ఆయనకి అందరూ దగ్గరే. చదివాక పాత బ్లేడుతో ఆ ముక్క కోసి, ఎప్పుడో ఎవరివో పెళ్లిళ్లకి వచ్చిన శుభలేఖల కవర్లలో దాచేవారు. కవరు మీద లక్ష్మీదేవి బొమ్మ, లోపల పోయినవాళ్లు. ఊరికో కవరు. బందరు గాలికి కాగితాలు మెత్తబడిపోతాయని కలరా ఉండలు వేసేవారు. వానాకాలం వెళ్లాక అన్నిటినీ డాబా మీద పరిచి గులకరాళ్లు బరువు పెట్టేవారు. ఓ పక్క అమ్మ వడియాలు, ఇంకో పక్క బాబాయి ఫోటోలు.

"నా వడియాల పక్కన ఆ పోయినోళ్లేంటండీ మహానుభావా" అని అమ్మ మొత్తుకునేది.

"వాళ్లేమన్నా తింటారా వదినా" అనేవారు.

ఆయనతో పెద్దకర్మ భోజనానికి వెళ్లడం అంత శిక్ష ఇంకోటి లేదు. ఎదురుగా ఇంటివాళ్లు కళ్లు తుడుచుకుంటూ వడ్డిస్తుంటే, ఈయన పప్పు కలుపుకుంటూ "మీ నాయనమ్మగారి పుట్టిల్లు ఏ ఊరండీ?" అని మొదలుపెట్టేవారు. నేను విస్తరి కింద నుంచి కాలు తొక్కేదాన్ని. "కాలెందుకు తొక్కుతావే?" అని పైకే అనేవారు. చిత్రమేమిటంటే ఎవరూ కోప్పడేవారు కాదు. ఏడుస్తున్నవాళ్లు కూడా ఏడుపాపి "ఏదీ, పెదకళ్లేపల్లి అనుకుంటానండీ, కాదు కాదు, ఉండండి అత్తయ్యని అడుగుతా" అంటూ లేచేవారు. "మనిషికి చుట్టాలంతా ఒక్కచోట దొరికేది ఆ ప్రకటనలోనే అమ్మాయ్. బతికుండగా ఎవడు కలుస్తాడు?" అనేవారు తిరిగొస్తూ.

ఊళ్లో వాళ్లు ప్రకటన రాయించుకోవడానికి ఆయన దగ్గరికే వచ్చేవారు. అక్కడ మాత్రం సరదా ఉండేది కాదు. ఒకసారి అన్నదమ్ములొచ్చి, చెప్పకుండా పెళ్లి చేసుకుని వెళ్లిన చెల్లెలి పేరు వదిలేయమన్నారు. బాబాయి కలం కింద పెట్టేశారు. "కోపముంటే మాట్లాడకండి. ఇంటికి పిలవకండి. పేరు మాత్రం తీసెయ్యకండి. రేపెప్పుడో ఎవరో వెతుక్కుంటారు, దొరక్క చస్తారు. ఉన్నది ఉన్నట్టు వెయ్యాలి. లేనిది కలపకూడదు, ఉన్నది తీయకూడదు." వాళ్లు గొణుక్కుంటూనే పేరు వేయించారు.

ఆయన వెతుకులాటంతా ఆడవాళ్ల వైపు. ఇంటిపేరూ గోత్రమూ మగవాళ్లని పట్టిస్తాయి గానీ, ఆడపిల్ల అత్తారింటికి వెళ్లగానే రెండూ మారిపోతాయి. ఆమె కూతురికి మళ్లీ మారతాయి. రెండు తరాలు గడిస్తే సొంత అక్కచెల్లెళ్ల సంతానం కూడా ఎదురుపడితే ఒకరినొకరు పోల్చుకోలేరు. పాత ప్రకటనల్లో అల్లుళ్ల పేర్లు పట్టుకుని వెళ్తే ఆ ఆడవాళ్లు దొరుకుతారు. ఈ మాట బాబాయి ఎన్నోసార్లు చెప్పారు, నేను ఊఁ కొడుతూ చింతపండు పిక్కలు తీసుకునేదాన్ని. నా నెత్తి మీదికే వస్తుందని ఏం కలగన్నాను?

మా శ్రావణి గుడివాడలో కాలేజీలో పాఠాలు చెబుతుంది. అక్కడే పనిచేసే రఘుని ఇష్టపడింది. పిల్లాడు బంగారం. వాళ్లమ్మా నాన్నా మర్యాదస్తులు. ఇంటిపేర్లు వేరు, గోత్రాలు వేరు. ఇంకేం కావాలి అని ముహూర్తం పెట్టేసుకున్నాం. బాబాయి సంబరానికి అంతులేదు. రెండు వైపులా వంశవృక్షం గీసి, ఫ్రేము కట్టించి పిల్లలకి కానుకగా ఇస్తానన్నారు. రఘు వాళ్లమ్మకి ఫోన్ చేసి పెద్దల పేర్లన్నీ అడిగారు.

ఆ మర్నాడు మధ్యాహ్నం నేను శుభలేఖల అంచులకి పసుపు రాస్తున్నాను. బాబాయి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వచ్చీ రావడంతోనే కుర్చీ లాక్కునే మనిషి కూర్చోలేదు. కింది పెదవి వేళ్లతో పట్టుకుని లాగుతున్నారు. కంగారు పుడితే అది ఆయన అలవాటు.

"అమ్మాయ్, ఆ పసుపు కాసేపు ఆపు."

చేతిలో ఒక ప్రింటు. గ్రంథాలయంలో పాత పేపర్ల కట్టల్లోంచి ఫోన్‌తో తీసింది. మా తాతమ్మ, అంటే మా అమ్మమ్మకి తల్లి, పోయినప్పటి ప్రకటన. నేనెప్పుడూ చూడలేదు. మసక ఫోటో కింద "కుమార్తెలు, అల్లుళ్లు" అని రెండు జంటలు. మొదటి జంట మా అమ్మమ్మా తాతయ్యా. రెండో జంట ఎవరో నాకు తెలీదు. అమ్మమ్మకి ఒక చెల్లెలుండేదని కూడా నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లు ఒక్కరూ లేరు.

"ఈ రెండో అల్లుడు ఎవరనుకుంటున్నావు?" అన్నారు. "రఘు వాళ్లమ్మగారికి అమ్మ తరఫు తాతయ్య. పేరూ అదే, ఊరూ అదే, చేసిన ఉద్యోగమూ అదే. నిన్న ఆవిడే చెప్పింది."

"అయితే?"

"అయితే ఏమిటమ్మా! మీ అమ్మమ్మా, ఆవిడ అమ్మమ్మా అక్కచెల్లెళ్లు. వాళ్ల కూతుళ్లు అక్కచెల్లెళ్లు. ఆ కూతుళ్ల కూతుళ్లు నువ్వూ, ఆవిడా. మీరూ అక్కచెల్లెళ్లే. ఇక పిల్లలిద్దరూ..."

ఆయన పూర్తి చేయలేకపోయారు. అన్నాచెల్లెళ్లు. నేనే అనుకున్నాను లోపల.

ఆ తర్వాత నేనన్న మాటలు ఇక్కడ రాయను. గయ్యిమన్నాను. "మా వంశం తవ్వమని మిమ్మల్నెవరు అడిగారు?" అన్నది అందులో మెత్తని మాట. ఆయన తల వంచుకుని అంతా విన్నారు. విని, ఆ కాగితం నా ఒళ్లో పెట్టారు.

"నాకు తప్ప ఇంకెవరికీ తెలీదు. చింపెయ్యమంటావా, ఇప్పుడే చింపేస్తాను. జన్మలో నోరెత్తను. నువ్వు చెప్పు."

ఎలా చెప్పను? చింపితే కాగితం పోతుంది. మా వాళ్లలో అక్కచెల్లెళ్ల పిల్లలంటే సొంత అన్నాచెల్లెళ్లే. పెళ్లయ్యాక ఎప్పుడో ఏ ముసలావిడో బయటపెడితే? అప్పటికి పిల్లలు పుడితే? చెబితే ఇవాళే పెళ్లి ఆగుతుంది, నా కూతురు నా మొహం చూడదు. రఘు వాళ్లమ్మని ఫోన్లో అడుగుదామంటే, అడిగిన మరుక్షణం మాట ఊరంతా పాకుతుంది. మా ఆయనతో కూడా అనలేదు. శ్రావణి ఫోన్ చేసి "అమ్మా, జాకెట్టుకి ఏ రంగు అంచు?" అని అడిగితే, గొంతు వణుకుతుందేమోనని దగ్గు నటించాను. అన్నం ముద్ద దిగేది కాదు. నిద్ర లేదు. వీధి గదిలో బాబాయి కూడా అటూఇటూ తిరుగుతూనే ఉన్నారు, చెప్పుల చప్పుడు వినిపించేది.

చివరికి ఆయనే దారి చూపించారు. రఘు అమ్మమ్మగారు చల్లపల్లిలో ఉన్నారు. ఆ రెండో జంటకి కూతురు ఆవిడే. అడగాల్సింది ఆవిడ ఒక్కరినే. మోపిదేవి స్వామికి తొలి శుభలేఖ ఇచ్చి వస్తామని ఇంట్లో చెప్పి బస్సెక్కాం.

మోపిదేవిలో దర్శనం అయింది గానీ, సంచిలోంచి శుభలేఖ తీయడానికి చెయ్యి రాలేదు. ఈ పెళ్లి జరుగుతుందో లేదో తెలియకుండా స్వామి పాదాల దగ్గర ఎలా పెట్టను? పక్కన కొత్త జంటలు, కేశఖండనాల పిల్లలు. మండపంలో ఓ మూల కూర్చున్నాం. బాబాయి ప్రసాదం చేతిలో పట్టుకుని తినకుండా కూర్చున్నారు.

"నాకూ ఒక సంబంధం కుదిరిందమ్మాయ్" అన్నారు ఉన్నట్టుండి. "గుడివాడ అమ్మాయి. నిశ్చయ తాంబూలాలు అయ్యాయి. ఎవరో పెద్దాయన వచ్చి, మీకూ వాళ్లకీ అన్నాచెల్లెళ్ల వరసండీ అన్నాడు. అంతే. ఎవరూ కనుక్కోలేదు. రెండు వైపులా తాంబూలాలు తిరగగొట్టేశారు. ఆ తర్వాత నేనింకో సంబంధం చూడనివ్వలేదు."

"నిజంగానే వరస తప్పిందా?"

"చాలా ఏళ్లకి ఆవిడ తండ్రి పోయినప్పుడు పేపర్లో పడింది. కూర్చుని పేర్లన్నీ చదివాను. ఏ వరసా లేదు. ఆ పెద్దాయన ఎవర్నో చూసి ఎవరో అనుకున్నాడు." ప్రసాదం మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఆ రోజు నుంచీ ఈ చివరి పేజీ పట్టుకున్నాను. ఇప్పుడు నేనే ఆ పెద్దాయన్ని అయ్యానేమోనని భయం. కాకపోతే ఇంకా భయం."

అన్నేసి మాటలన్నందుకు అప్పుడు నాకు ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. లేచి చల్లపల్లి బస్సెక్కాం.

రఘు అమ్మమ్మగారు వరండాలో కూర్చుని మినుములు చెరుగుతున్నారు. "రామ్మా, రా. ఎండనపడి వచ్చారే! ఒక్క ఫోన్ చేస్తే మనవణ్ని పంపేదాన్నిగా" అంటూ చేట పక్కన పెట్టారు. మజ్జిగ ఇచ్చారు. నేను గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. ఏమని మొదలుపెట్టాలి? పెళ్లి పనులు అడుగుతున్నారు, నేను అడ్డదిడ్డంగా ఏదో చెబుతున్నాను. బాబాయి పెదవి లాక్కుంటున్నారు. ఇక ఉండబట్టలేక ఆ కాగితం తీసి ఆవిడ ముందు పెట్టారు.

"ఈవిడ మీకు తెలుసాండీ?"

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని దగ్గరగా చూశారు. చూసి నవ్వారు. ఆ నవ్వుకి నా ప్రాణాలు పైకే పోయాయి.

"మామ్మ! మా మామ్మ ఫోటో మీ దగ్గరెలా ఉందండీ?"

"మా తాతమ్మండీ. మా అమ్మమ్మకి తల్లి" అన్నాను. ఇక అయిపోయింది అనుకున్నాను. మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాను.

"ఓరి దేవుడా! నువ్వు ఆవిడ మునిమనవరాలివా? ఎంత మాట!" అని నా గడ్డం పట్టుకున్నారు. "మీ ఇంటిపేరు వేరు, మీ అమ్మది వేరు, ఇక నాకెలా తెలుస్తుందే?"

"అయితే మీ అమ్మగారు ఆవిడ రెండో కూతురన్నమాట" అన్నారు బాబాయి. అది ప్రశ్న కాదు, శిక్ష చదివినట్టుంది.

"కాదయ్యా" అన్నారావిడ. "మా అమ్మ పుట్టిల్లు కైకలూరు. మామ్మ రెండో కూతుర్ని మా నాన్నకి ముందు చేశారు. పాపం తొలికాన్పులో తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. ఆ తర్వాత మా నాన్న మా అమ్మని చేసుకున్నాడు. పెళ్లయ్యాక భయపడుతూనే పాత అత్తగారింటికి తీసుకెళ్లాట్ట. కూతురు పోయిన ఇల్లు, ఏమంటుందోనని. ఆవిడేమో గుమ్మంలోనే ఆపి, బొట్టు పెట్టి, చీర పెట్టి, 'నా కూతురు మళ్లీ వచ్చింది' అందిట. అంతే. మా అమ్మ పురుళ్లన్నీ ఆవిడే పోసింది. నన్ను పెంచింది ఆ మామ్మే."

ఊపిరి తీసుకున్నాను. ఎన్ని రోజులైందో ఊపిరి తీసుకుని.

బాబాయికి మాత్రం తృప్తి లేదు. "మరి పేపర్లో కుమార్తె అని వేశారేమిటండీ? తప్పు కదా?"

"తప్పెలా అవుతుంది? ఆవిడే చెప్పి వేయించుకుంది. నేను పోతే పేపర్లో నాకిద్దరు కూతుళ్లని వెయ్యండి, లేకపోతే ఊరుకోను అందిట. పోయాక ఊరుకోకుండా ఏం చేసేదో!"

"రక్తసంబంధం లేదు, ఒప్పుకుంటాను. కానీ వరస పిలిచారుగా? పిలిస్తే వరసేగా?"

ఆ క్షణంలో బాబాయిని ఆ మినుముల్లో వేసి చెరిగెయ్యాలనిపించింది. అయిపోయిందిగా, ఇంకా ఎందుకు!

ఆవిడ మాత్రం కోప్పడలేదు. "ప్రేమతో పిలిచిన పిలుపయ్యా అది. పెళ్లి ఆపడానికి పిలవలేదు. ఇవాళ మామ్మా, మా అమ్మా ఉంటే అక్షింతలు ఎవరు ముందు వెయ్యాలా అని దెబ్బలాడుకునేవాళ్లు. లేచి చెయ్యి కడుక్కోండి, అన్నం పెడతాను."

బాబాయి కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. తుడిచి పెట్టుకుని, మళ్లీ తీసి తుడుచుకున్నారు. భోజనమయ్యాక నేను బందరు బస్సు కోసం చూస్తుంటే, "స్వామికి శుభలేఖ ఇవ్వలేదుగా" అని మళ్లీ మోపిదేవి బస్సెక్కించారు. నా సంచిలోంచి ఆయనే కార్డు తీసి, జనాన్ని తోసుకుంటూ వెళ్లి, పూజారి చేతికి ఇచ్చారు.

పెళ్లి జరిగింది. వంశవృక్షం ఫ్రేములో ఆ రెండో కూతురి దగ్గర ఏం రాయాలో తెలీక చాలా రోజులు గింజుకున్నారు. చివరికి "కుమార్తె" అనే రాశారు. తర్వాత ప్రకటన రాయించుకోవడానికి ఎవరొచ్చినా "ఉన్నది ఉన్నట్టు" అనడం మానేశారు. "పోయినవారు మిమ్మల్ని ఏమని పిలిచేవారు?" అని అడిగేవారు. ఏమని పిలిస్తే అదే వేయించేవారు.

మొన్న పొద్దున పేపరు గుమ్మంలో పడి ఉంది, బాబాయి లేవలేదు. తలకొరివి పెట్టడానికి ఆయన తరఫున దగ్గరివాళ్లు ఎవరూ లేకపోతే, మా ఆయనే పెట్టారు.

"మేడమ్, వరస" అన్నాడు ఏజెంటు మళ్లీ.

ఆయన నన్ను అమ్మాయ్ అని పిలిచేవారు. ఇంకే పేరుతోనూ పిలిచిన గుర్తు లేదు.

"కుమార్తె అని వెయ్యండి. అల్లుడు మా ఆయన. మనుమరాలు శ్రావణి."

రాత్రంతా కంగారే. లేనిది కలిపాను. రేపెప్పుడో ఎవరో ఈ పేజీ పట్టుకుని నా ఇంటిపేరూ, గోత్రమూ, వరసలూ కలుపుకుంటూ వెళ్తే? ఇంకెవరి పెళ్లో ఆగితే? తెల్లారకముందే గుమ్మంలో కూర్చుని, పేపరు రాగానే చివరి పేజీ తిప్పాను. కళ్లజోడు నుదుటి మీద, బాబాయి. కింద నా పేరు.

ఎవరో ఎప్పుడో కాదు. టీ పెట్టుకోకముందే చల్లపల్లి నుంచి ఫోన్.

"ఏమ్మా, ఆయన మీ నాన్నగారా?" రఘు అమ్మమ్మగారి గొంతు కంగారుగా ఉంది. "ఇన్నాళ్లూ బాబాయి బాబాయి అన్నావు. ఆయన ఇంటిపేరు వేరుగా? మరి మీ పుట్టింటి వంశం ఏది? మనవడి పెళ్లికి వరసలు సరిగ్గా చూశామో లేదోనని నాకు పొద్దుట్నుంచీ గుండె దడదడలాడిపోతోంది."

"మీ అమ్మగారికి మా తాతమ్మ ఏమవుతుందో, నాకు ఆయన అదేనండీ" అన్నాను.

ఆవిడ మళ్లీ వరస మాట ఎత్తలేదు.

"తండ్రి పోయిన ఆడపిల్లకి పుట్టింటి చీర పెట్టాలి" అన్నారావిడ. "నీకు పుట్టింట్లో ఇంకెవరున్నారు? పెద్దకర్మకి నేను తెస్తున్నాను. ఏ రంగు కావాలో చెప్పు."

ఆయన పోయిన దగ్గర్నుంచీ పనుల్లో పడి ఏడవలేదు. ఫోన్ చెవి దగ్గరే ఉంది. రంగు చెప్పలేకపోయాను.